పటేల్‌కు పొరుగును వెతికిన వేసవి

ఈ సంగతిని నేను ఇంతకుముందు రెండుసార్లు రాసి పంపాను. ఒకసారి ఒక వారపత్రికకు, ఇంకోసారి రంగు చేపలు అమ్మేవాళ్లం పెట్టుకున్న మా సంఘానికి. పత్రిక నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పైగా అదే నెలలో, గాజు గిన్నెలో బంగారు చేపను పెంచుకుంటే మనసుకు ఎంత హాయిగా ఉంటుందో అరపేజీ బొమ్మతో వేశారు. ఆ గిన్నెలో చేపకు ఎంత హాయిగా ఉంటుందో రాసినాయనను ఎవరూ అడగలేదు. ఇక సంఘం మీటింగులో నా కాగితం మడత కూడా విప్పలేదు. "ఐలయ్య రాసిండంటే ఎవల మీదనో కంప్లైంటే అయితది" అని ఒకాయన అన్నాడు. నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారో నాకు గుర్తుంది.

హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా అక్వేరియం దుకాణం నడుపుతున్నాను. చేపల గురించి నాకు తెలిసింది చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈసారి మొదటి నుంచి చివరి దాకా చెబుతాను.

కరోనా వెనక్కి తగ్గి, పిల్లల దవాఖానల గడపల ముందు మళ్లీ చెప్పుల కుప్పలు పడ్డ ఏడాది అది. మా దుకాణానికి రెండు సందుల అవతల డాక్టర్ వసుధ గారి పిల్లల దవాఖాన ఉంది. పరకాల నుంచి, నర్సంపేట నుంచి పొద్దున బస్సుకే వచ్చి టోకెన్ తీసుకుని కూర్చునే జనం. ఆ హాల్లో గోడ పొడవునా ఆరడుగుల ట్యాంకు. దాన్ని బిగించింది నేనే. అందులో ఉన్న ఒకే ఒక్క చేపను, అది బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చి వదిలిందీ నేనే. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. జానెడు దాటిన పొడవు, అరచేతిని మించిన వెడల్పు.

అది ఆస్కార్ చేప. నల్లటి ఒంటి మీద ఆరీ ఆరని నిప్పుల్లాంటి ఎర్రటి మరకలు, తోక మొదట్లో కన్నులాంటి చుక్క. సిక్లిడ్ అనే పెద్ద కుటుంబంలోది. ఈ కుటుంబంలో చాలా చేపలను మా వ్యాపారంలో టెరిటోరియల్ అంటాం. అంటే నీళ్లలో ఇంత మేర నాది అని గీత గీసుకుని కాపలా ఉండే రకం. ఆ గీత మనకు కనబడదు, చేపకు కనబడుతుంది. దాన్ని దాటి ఇంకో చేప వస్తే మొదట రెక్కలు విప్పి బెదిరిస్తుంది, తర్వాత నోటితో గుద్దుతుంది. వచ్చింది చిన్న చేపైతే బెదిరింపూ ఉండదు, గుద్దడమూ ఉండదు. మింగడమే.

దానికి పటేల్ అని పేరు పెట్టింది నర్సంపేట వైపు నుంచి మనవరాలిని తీసుకొచ్చిన ఒక ముసలాయన. ఆ కొస నుంచి ఈ కొసకు అది తిరగడం చాలాసేపు చూసి, "అరె, మా ఊళ్లె పాత పటేలు గిట్లనే పొద్దుగాల లేచి గట్ల మీద తిరుగుతుండె. ఎవని బర్రె మళ్లల్ల పడ్డదా అని చూస్తుండె" అన్నాడట. ఆ రోజు నుంచి సూదికి భయపడే పిల్లలందరికీ అది పటేల్. "ఏడ్వకు బిడ్డా, అగో పటేల్ చూస్తాండు" అంటే సగం ఏడుపులు అక్కడే ఆగేవి.

ఆ ఏడు దవాఖానకు రంగులు వేయిస్తూ, పనిలో పనిగా ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. నాకూ కబురొచ్చింది. ట్యాంకు కడగడానికేమో అనుకుని బకెట్టు, పైపు పట్టుకుని వెళ్లాను. డాక్టరమ్మ, ఆమె భర్త, సిద్ధాంతి, రంగుల మేస్త్రి ట్యాంకు ముందు నిలబడి ఉన్నారు. ఐదోవాణ్ని నేను. చాయ్ నాలుగు కప్పులే వచ్చింది. ఐదో కప్పు కోసం ఎవరూ లోపలికి కేక వేయలేదు.

"ఒక్క చేప ఉండొద్దు. తొమ్మిది ఉండాలె" అన్నాడు సిద్ధాంతి. "ఎనిమిది బంగారువి, ఒకటి నల్లది. నల్లది ఉండనే ఉంది. బంగారువి తెప్పియ్యిండ్రి."

"అమ్మా, ఆస్కార్ నోట్లె పట్టేదేదైనా దానికి తిండే" అన్నాను డాక్టరమ్మతో. "మీరు ఎనిమిది మంది పొరుగోళ్లనుకుంటాండ్రు. పటేల్ ఎనిమిది బుక్కలనుకుంటడు."

మేస్త్రి నవ్వాడు. సిద్ధాంతి నవ్వలేదు. "శాస్త్రం చెప్పేటప్పుడు దుకాణపాయన నడుమల మాట్లాడొద్దు" అన్నాడు.

డాక్టరమ్మ అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. "సరే లే ఐలన్నా" అంది. మర్నాడు బంగారు చేపలు వేరే దుకాణం నుంచి వచ్చాయి.

ఆ తర్వాతి సంగతులు నాకు షాహీన్ ద్వారా తెలిశాయి. షాహీన్ ఆ దవాఖానలో నర్సు, హసన్‌పర్తి నుంచి వస్తుంది, టోకెన్లు ఇచ్చే కౌంటరూ ఆమెదే. రోజూ పొద్దున పటేల్‌కు గింజల మేత వేసేది ఆమె. ఆ మేత కోసం దుకాణానికి వచ్చినప్పుడు చెప్పింది.

"ఐలన్నా, నిన్న రెండు పోయినయి. ఆరే ఉన్నయి."

"డాక్టరమ్మ ఏమన్నది?"

"మంచిదే అన్నది. దవాఖాన మీది దిష్టి చేపలు తీస్కున్నయట. ఇంక రెండు తెప్పియ్యమన్నది."

"దిష్టిని చేపలు తీస్కునుడు కాదు చెల్లె, చేపలనే పటేల్ తీస్కుంటాండు."

"నాకెరుక లేదా అన్నా? ఆయన పొట్ట చూసినవా? మా మామ దావత్ నుంచి వచ్చినట్టె ఉన్నడు."

చేప చనిపోతే ఇంటి మీదికి రావలసిన కీడును అది తన మీద వేసుకుపోయిందని మన దగ్గర చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. పెంచుకున్న చేప పోయిన బాధకు అదొక మందు. కానీ ఆ మందు వేసుకున్నాక అసలు రోగమేమిటని ఎవరూ అడగరు. పోయిన చేప స్థానంలో కొత్త చేప వచ్చేది, అదీ పోయేది, మళ్లీ వచ్చేది. రెండు నెలలు అలాగే గడిచాయి. కొత్తగా తెచ్చిన చేపను రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచి, రోగం లేదని తేలాకే పెద్ద ట్యాంకులో వదలాలి. దాన్ని మేం క్వారంటైన్ అంటాం. కరోనాకు ముందు ఈ మాటకు అర్థం చెప్పలేక నా నోరు నొచ్చేది. ఇప్పుడు ఊరందరికీ తెలుసు, అయినా చేపలకు ఎవరూ పాటించరు. ఆ బంగారు చేపలు తెచ్చిన తెల్లచుక్కల రోగం పటేల్ రెక్కల మీద ఉప్పు చల్లినట్టు లేచింది. మందు వేసి తగ్గించింది నేను. అప్పుడు మాత్రం నన్ను పిలిచారు.

చివరికి ఒక రోజు సాయంత్రం, ఓపీ మొదలయ్యే వేళకు ముందుగా లోపలికి వచ్చిన ఒక నాలుగేళ్ల పాప, పటేల్ నోట్లోంచి బయటికి కనిపిస్తున్న బంగారు తోకను చూసింది. కెవ్వున ఏడ్చి జ్వరం ఒంటితోనే రోడ్డు మీదికి పరుగెత్తింది. తల్లి వెంటపడి పట్టుకొచ్చి, "దవాఖానల గిదేందమ్మా, పిల్లలను బెదిరిచ్చుటానికి పెట్టిండ్రా?" అని డాక్టరమ్మను నిలదీసింది. ఆ మర్నాడు, పటేల్ మింగలేని చేపలను తెమ్మని నాకు ఫోను వచ్చింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది, దాచను. పెద్ద చేపకు తోడును ఎంచేటప్పుడు నేను చూసేవి ఇవి: కొత్త చేప దాని నోట్లో పట్టకూడదు, దాని పోలికతో ఉండకూడదు, అది తిరిగే ఎత్తులోనే తిరగకూడదు. ఇవన్నీ తెలిసీ, బంగారు రంగు ఉంటే డాక్టరమ్మ ఇంట్లోవాళ్లు ఊరుకుంటారని రెండు ప్యారట్ చేపలను ఎంచాను. నారింజ రంగు, గుండ్రటి ఒళ్లు, పూర్తిగా మూతపడని చిన్న నోరు. నోట్లో పట్టవు, నిజమే. కానీ అవీ సిక్లిడ్ వంశమే. పటేల్ కంటికి అవి పిల్లలాటకు వచ్చినవి కావు, గట్టు జరపడానికి వచ్చిన దాయాదులు. రెండున్నరకు ట్యాంకులో వదిలాను. ఐదింటికి ఒకదాని తోక చీలికలై ఉంది. దాన్ని దుకాణానికి తెచ్చి బతికించాను. రెండోదాన్ని ట్యాంకులోనే ఒక కొసన చిల్లుల తడికలా జాలీ అడ్డం పెట్టి అవతల ఉంచాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. అందుకే నాకు భయం వేసింది.

"అన్నా, పిల్లలకు భయం తీసుడు నా పని. నా హాల్లనే వాళ్లకు భయం పుడ్తాంది. పరకాల తొవ్వల మా మరిదికి ఫంక్షన్ హాల్ ఉన్నది, ముంగట ఫౌంటెన్ ఉన్నది. పటేల్‌ను అండ్ల వేస్తమంటాండ్రు."

"ఫౌంటెన్లనా? అండ్ల బ్లీచింగ్ పౌడర్ వేస్తరమ్మా. వారం కూడ ఉండడు."

"మరి కలిసి బతికేటియి నువ్వే చూడు. కాని ఇంకొక్క చేపకు దెబ్బ తగిలిందనుకో, ఇగ నన్ను అడగొద్దు."

తొమ్మిదేళ్ల చేప. నా దుకాణంలోంచి ప్లాస్టిక్ సంచిలో నా చేతుల మీదుగా వెళ్లిన చేప. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా, దవాఖాన మూసి ఉండే వేళ, నన్ను ఆ హాల్లో కూర్చోనివ్వమని అడిగాను. ఆమె తాళంచెవి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నా కళ్ల ముందు ఆడుతుంటాయి. బయట రోడ్డు మీద ఎండ తెల్లగా మరుగుతుండేది. లోపల కిటికీలకు ఆకుపచ్చ పరదాలు. వెలుతురు వాటిలోంచి వడకట్టుకుని వచ్చి గోడల మీద నీళ్లలా కదిలేది. ఖాళీ కుర్చీల మీద, బరువు చూసే తూకం మీద, పోలియో చుక్కల పోస్టరు మీద ఆ పచ్చటి నీడ అలలు అలలుగా పాకేది. ఫిల్టరు గుడగుడ తప్ప ఇంకో చప్పుడు లేదు. ట్యాంకు ఎక్కడ ముగిసిందో, హాలు ఎక్కడ మొదలైందో కాసేపటికి తెలిసేది కాదు. నేను గాజుకు ఇవతల ఉన్నానా అవతల ఉన్నానా అన్నదీ తెలిసేది కాదు.

మూడో రోజు కునుకు పట్టింది. కలలో నేను నీళ్ల అడుగున గులకరాళ్ల మీద కూర్చుని ఉన్నాను. నా చేతిలో టోకెన్ ఉంది. పరకాల బస్సు నీళ్లలోంచి మెల్లగా వచ్చి ఆగింది, తల్లులు కొంగులు అలల్లా తేలుతుండగా పిల్లలను చంకనేసుకుని దిగారు. గాజు అవతల కుర్చీలో పటేల్ కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తున్నాడు. ఎవరి పేరూ పిలవడు, ఊరికే చూస్తాడు. నాకు భయం వేయలేదు. నా వంతు ఎప్పుడొస్తుందని కూడా అనిపించలేదు. అంతసేపు నన్ను ఎవరో ఒకరు చూస్తున్నారన్న నిమ్మళం మాత్రం ఉంది. మెలకువ వచ్చేసరికి పటేల్ నిజంగానే గాజుకు మూతి ఆనించి నా ముఖంలోకి చూస్తున్నాడు.

నేను కళ్లు తెరిచి కదిలాక కూడా చాలాసేపు అక్కడే ఉన్నాడు. నేను లేచి మంచినీళ్లకు లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేటప్పటికి జాలీ దగ్గర ధన్ ధన్ అని చప్పుడు. అవతల ఉన్న ప్యారట్ చేప మూలకు నక్కి ఉంది, పటేల్ జాలీని మూతితో గుద్దుతున్నాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. రెండు నిమిషాలకు గుద్దడం మానేసి నా ముందుకు వచ్చాడు. మళ్లీ లేచి తలుపు వెనక నిలబడ్డాను. మళ్లీ ధన్ ధన్. సాయంత్రం దాకా అలా పదిసార్లు లేచాను, పదిసార్లు కూర్చున్నాను. ఎవరైనా చూస్తే ఐలయ్యకు ఎండదెబ్బ తగిలిందని అనుకునేవారు.

అప్పుడు తెలిసింది నాకు. పటేల్ కాపలా కాసేది రాయిని కాదు, మూలను కాదు. గాజుకు ఇవతల ముఖాలు కనిపించే ఆ మూడడుగుల మేర. ముఖాలున్నంతసేపు అతను అక్కడే ఉంటాడు, వెనక ఏ చేప తిరిగినా పట్టదు. ముఖాలు లేనప్పుడు ట్యాంకు మొత్తం తనదవుతుంది, ప్రతి చేపా దొంగే అవుతుంది.

ఇక మా పని పద్ధతి చూడండి. ట్యాంకు కడగడం, నీళ్లు మార్చడం, కొత్త చేపలు వదలడం, ఏదైనా సరే, మేం జనం లేని వేళే చేస్తాం. దవాఖాన అయినా, బట్టల దుకాణమైనా, హోటలైనా ఇదే అలవాటు. బంగారు చేపలను వదిలిందీ మధ్యాహ్నమే, ప్యారట్ చేపలను నేను వదిలిందీ మధ్యాహ్నమే. పటేల్ ఎవరినీ ఓర్వని గంటను చూసుకుని మరీ, ఒక్కో చేపను తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాం.

మధ్యాహ్నాలు పై గదిలో ఉండే షాహీన్ సాయంత్రం కిందికి దిగాక గొప్పగా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఓపీ నడిచేటప్పుడు పటేల్ ఎన్నడూ ఎవల్ని కొట్టలే అన్నా. నేను కౌంటర్ల కూసోని చూస్తనే ఉంట గద."

"మరి గిన్ని రోజులు చెప్పకపోతివి?"

"నువ్వు అడిగినవా?"

ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చదు. అయినా రాస్తున్నాను. తొమ్మిదేళ్లు పటేల్‌కు ఎదురుగా కూర్చున్న మనిషి ఆమె. నేను ట్యాంకును అడిగాను, ఫిల్టరును అడిగాను, నిద్రలో కలను కూడా అడిగాను. ఆమెను అడగలేదు.

ఈసారి రంగు గురించి, లెక్క గురించి ఆలోచించలేదు. సిల్వర్ డాలర్ అనే చేపలను ఎంచాను. వెండి బిళ్లల్లా పల్చగా, గుండ్రంగా ఉంటాయి, అరచేతి వెడల్పు. ఆకులు తింటాయి, గొడవ పడవు, గుంపుగా తిరుగుతాయి. పెద్ద చేప తరిమితే అన్నీ ఒక్కసారే తిరిగిపోతాయి కాబట్టి దేన్ని పట్టుకోవాలో దానికి తోచదు. సిక్లిడ్ పోలిక లేదు, నోట్లో పట్టవు, పై నీళ్లలో తిరుగుతాయి. అడుగుకు ఒక సక్కర్ చేప. అది గాజుకు, రాళ్లకు మూతి అతికించుకుని పాచి తింటుంది, దాని ఒళ్లు చెక్కంత గట్టి. మొత్తాన్ని రెండు వారాలు నా దుకాణంలో క్వారంటైన్‌లో ఉంచాను. వదలడానికి ముందు రోజు ప్యారట్ చేపను వెనక్కి తెచ్చుకున్నాను, ట్యాంకులో రాళ్లు, మొద్దులు అన్నీ తీసి కొత్త చోట్లలో పేర్చాను. పాత గట్లు చెరిగిపోతే కొత్తగా కొలుచుకోవడానికి చేపకు కొన్నాళ్లు పడుతుంది. ముఖాలు కనిపించే మేర మాత్రం ఖాళీగా వదిలి, ఆకులను, చాటును వెనక వైపు పెట్టాను.

"రేపు పొద్దున పదకొండింటికి వేస్తా" అన్నాను డాక్టరమ్మతో.

"ఓపీల నడుమనా? పిల్లల ముంగటనా? నీకేమన్న అయిందా అన్నా? మల్ల మొన్నటి లెక్కనే అయితే?"

"అయితే పటేల్‌ను ఫౌంటెన్ల నేనే వేసొస్త."

అనేశానే కానీ ఆ రాత్రి రెండుసార్లు లేచి తొట్టిలోని వెండి బిళ్లలను లెక్కపెట్టుకున్నాను.

పదకొండింటికి హాలు కిక్కిరిసి ఉంది. దగ్గులు, ఏడుపులు, టోకెన్ల కేకలు. సంచులను నీళ్ల మీద తేలవేశాను, లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకే వెచ్చదనానికి వచ్చేదాకా. పిల్లలు గాజుకు అతుక్కుపోయారు. "తాతా, అవి పైసలా?" అని ఒకడు అడిగాడు. "పైసలే, పటేల్ కాడికి కౌలు కట్టుటానికి వచ్చినయి" అన్నాడు వాడి తాత, నా బదులు. డాక్టరమ్మ స్టెతస్కోపు మెడలో వేసుకుని తన గది గడపలో నిలబడింది. లోపల ఉన్న పేషెంటును కూడా మరిచిపోయింది.

సంచి మూతి విప్పాను. ఏడు వెండి బిళ్లలు ఒకదాని వెనక ఒకటి జారాయి. పటేల్ పిల్లల వైపు చూస్తున్నవాడు ఒక్కసారి వెనక్కి తిరిగాడు. రెక్కలు విప్పాడు. ఒంటి మీది ఎరుపు చిక్కబడింది. దూసుకుపోయాడు. వెండి బిళ్లలు ఏడూ ఒకే క్షణంలో పక్కకు తిరిగాయి, గాలికి రావి ఆకులు మెరిసినట్టు. పటేల్ వాటి మధ్య నుంచి వెళ్లిపోయి, అవతలి కొసన ఆగి, ఎవరిని కొట్టాలో తెలియక నిలబడ్డాడు.

"పటేలా! ఓ పటేలా! ఇటు రా!" అని షాహీన్ కౌంటర్లోంచి పిలిచింది. పిల్లలందరూ అందుకున్నారు. చేపకు మాట వినిపిస్తుందో లేదో నేను చెప్పలేను. ముఖాలు మాత్రం కనిపిస్తాయి. పటేల్ కాసేపు నీళ్లలో అలాగే ఊగాడు, తర్వాత మెల్లగా తిరిగి వచ్చి ఆ ముఖాల ముందు నిలబడ్డాడు. వెనక వెండి బిళ్లలు ఆకులను కొరకడం మొదలుపెట్టాయి. డాక్టరమ్మకు పేషెంటు గుర్తొచ్చి లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత పది రోజులు మధ్యాహ్నం వేళ షాహీన్ పై గదిలో కాకుండా ట్యాంకు ముందు కూర్చుని అన్నం తింది. "నాకు బుక్క దిగుతలేదు అన్నా, నా డబ్బ దిక్కే చూస్తాండు" అని తిట్టుకుంటూనే తింది. ఆమె లేచాక ట్యాంకు లైటు ఆర్పేసేవాళ్లం, మసకలో ఎవరి గీతలూ ఎవరికీ కనిపించవు. పదకొండో రోజు నేను ఒక్కణ్నే వెళ్లి తలుపు వెనక నుంచి చూశాను. పచ్చటి వెలుతురులో పటేల్ నడుమ నిలబడి నిదానంగా రెక్కలు ఆడిస్తున్నాడు. అతని చుట్టూ ఏడు వెన్నెల ముక్కలు తిరుగుతున్నాయి. సక్కర్ చేప గాజు మీద నిద్రపోతోంది. ఆ గదిలో కాలం కూడా నీళ్లలో పడి తేలుతున్నట్టు ఉంది. నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. దుకాణం తెరిచే ఉంచి వచ్చానని తర్వాత గుర్తొచ్చింది.

నెల తర్వాత సిద్ధాంతి వచ్చి లెక్కపెట్టాడు. ఏడు, సక్కర్ ఒకటి, పటేల్ ఒకటి. "చూసిండ్రా, తొమ్మిది అయినంక నిమ్మళమైంది" అన్నాడు. గుంపులో ఏడు వేశానంటే నా తొట్టిలో రోగం లేనివి ఏడే ఉన్నాయి కాబట్టి. ఆరున్నా, ఎనిమిదున్నా పటేల్‌కు తేడా లేదు. ఆ మాట అనబోయాను. ఈసారి చాయ్ నాకూ ఇచ్చారు, నోటి నిండా చాయ్ ఉండగా మాట రాలేదు. ట్యాంకు మీద ఆయన పేరుతో చిన్న పలక పెట్టారు. నా పేరు లేదు. షాహీన్ పేరూ లేదు. ఆమె నవ్వి ఊరుకుంది, నేను ఊరుకోను.

ఈ కేసు నాకు నేర్పింది రాస్తాను. కోపిష్టి చేపకు తోడు వెతికేవాళ్లు తోడు చేప గురించే అడుగుతారు, ఎంత పొడవు, ఏ రంగు, ఎన్ని అని. మొదట అడగవలసింది ఆ కోపిష్టి దేన్ని కాపాడుకుంటోందని. అది తెలుసుకుని, దాన్ని దానికి వదిలేస్తే, మిగతా నీళ్లను అది పంచుకుంటుంది. అది తెలియకపోతే సముద్రమంత ట్యాంకు కట్టించినా ఇరుకే. ఇంకోటి, దాని ఎదురుగా రోజూ కూర్చునే మనిషిని అడగాలి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

ఈ ఏడాది దవాఖాన మీద ఇంకో అంతస్తు లేచింది. ట్యాంకు ఈశాన్యంలో ఉండాలన్నారట, పైకి ఎక్కించి, ఫైళ్లు పెట్టుకునే గదిలో గోడకు పెట్టారు. కింద ట్యాంకు ఉన్న చోట టీవీ వచ్చింది. ఆ గదిలోకి పొద్దున మేత వేయడానికి షాహీన్ వస్తుంది, ఆ తర్వాత రోజంతా ఎవరూ రారు. పోయిన నెల నేను చూడ్డానికి వెళ్లాను. వెండి బిళ్లలు ఐదే ఉన్నాయి. ఒకదానికి కన్ను లేదు. పటేల్ గాజు ముందు నిలబడి ఎదురుగా ఉన్న ఇనుప బీరువాను చూస్తున్నాడు. నేను కూర్చోగానే వచ్చి నా ముఖం ముందు ఆగాడు. రెండు గంటలు కూర్చున్నాను. లేవబోతే నాతోపాటు గాజు చివరిదాకా వచ్చాడు.

డాక్టరమ్మా, కింద చాయ్ ఇచ్చి నన్ను పంపించారు, పై సంగతి అడిగితే ఫోను వచ్చిందని లోపలికి వెళ్లారు. రెండు చీటీలు షాహీన్ చేత పంపాను, జవాబు లేదు. ఇప్పుడు అందరూ చదివేలా అడుగుతున్నాను. ఆ ట్యాంకును కిందికి దించడానికి నలుగురు మనుషులు, ఒక పూట సరిపోతుంది. మనుషులను నేనే తెస్తాను, కూలీ కూడా నేనే ఇచ్చుకుంటాను. టీవీ ఎక్కడ పెట్టుకోవాలో మీ సిద్ధాంతిని అడగండి, నాకు అభ్యంతరం లేదు. పదకొండింటికి, హాలు నిండా పిల్లలు ఉన్నప్పుడు దించాలి. నేను ఏ రోజు రావాలో చెప్పండి. ఆ ఒక్క రోజు పేరు చాలు, చెప్పండి.